1950ల బేస్‌బాల్ కార్డులు: మ్యాంటిల్, మేస్‌లను పక్కనబెడితే ఎవరివి తీసుకోవాలి?

పాతఅట్ట:
1951 నుంచి 1957 మధ్య టాప్స్, బోమన్ కంపెనీలు వేసిన బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులు పోగుచేయాలనుకుంటున్నాను. అందరూ వెతికే స్టార్లు మ్యాంటిల్, మేస్‌ల జోలికి వెళ్లను. గొప్పగా ఆడి కూడా తగినంత పేరు రానివాళ్లవే కావాలి. ఎవరితో మొదలుపెట్టమంటారు? గ్రేడింగ్ (స్థితిని బట్టి ఓ సంస్థ 1 నుంచి 10 దాకా గ్రేడు వేయడం) కాని విడి కార్డు అసలుదేనా, అంచులు కత్తిరించారా అన్నది ఎలా తేల్చుకోవాలి? 1952 టాప్స్ కార్డు మామూలు టాప్‌లోడర్‌లో (గట్టి ప్లాస్టిక్ కవరులో) ఎందుకు పట్టదో కూడా చెప్పగలరు.

మూడోబేస్:
బిల్లీ పియర్స్‌తో మొదలుపెట్టండి. చికాగో వైట్ సాక్స్ ఎడమచేతి పిచర్ (బంతి విసిరేవాడు). 1955లో 1.97 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ లెక్కలో పడ్డ పరుగుల సగటు, తక్కువుంటే మేలు) లీగ్‌లో మొదటి స్థానం, కెరీర్ మొత్తం మీద 211 విజయాలు. 1962లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి వెళ్లి సొంత మైదానంలో 12 గెలిచి ఒక్కటీ ఓడలేదు. అయినా దిగ్గజాలకిచ్చే గౌరవ స్థానమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు, ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. అతని రూకీ (మొట్టమొదటి) కార్డు 1951 బోమన్ 196వ నంబరు. ఆ సెట్‌లో అరుదైన భాగం 253 నుంచి మొదలవుతుంది కాబట్టి ఇది దొరకడం కష్టం కాదు.

తర్వాత నెడ్ గార్వర్. 1951లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ గెలిచినవి 52, ఓడినవి 102. ఆ 52లో 20 గార్వర్ ఒక్కడివే! పిచర్ అయ్యుండి ఆ ఏడాది .305 సగటుతో (వెయ్యికి 305 హిట్లన్నమాట) బ్యాటింగ్ కూడా చేశాడు.

మిక్కీ వెర్నన్‌ని మరవకండి. 1946లో .353, 1953లో .337తో రెండుసార్లు బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక సగటు). రెండోసారి ఒక్క పాయింటు (.001) తేడాతో వెనకబడ్డ అల్ రోజెన్‌కి ట్రిపుల్ క్రౌన్ (సగటు, హోమ్‌రన్లు, కొట్టి రాబట్టిన పరుగులు మూడింటా మొదటి స్థానం) చేజారింది. ఎడ్డీ యోస్ట్ సగటు .254 చూసి చాలామంది దాటేస్తారు, కానీ 1,614 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా మొదటి బేస్‌కి వెళ్లడం) తీసుకున్నవాడు బేస్ మీదికి చేరడంలో (.394) ఎంతోమంది స్టార్ల కన్నా మెరుగు.

1952 టాప్స్‌లో 311 నుంచి 407 వరకు నంబర్లున్నవి ఖరీదైనవి. పియర్స్ 98, వెర్నన్ 106, యోస్ట్ 123, గార్వర్ 212. నలుగురూ ఆ గీతకి ఇవతలే ఉన్నారు.

భూతద్దం:
అసలుదా కాదా అన్నదానికి మొదటి పరీక్ష స్కేలు. 1952 నుంచి 1956 వరకు టాప్స్ కార్డు 2⅝ అంగుళాల వెడల్పు, 3¾ అంగుళాల పొడవు. 1957 నుంచే 2½ × 3½కి తగ్గింది. 1952 సెట్‌ని టాప్స్ 1983లో తిరిగి ముద్రించింది, అది చిన్న కొలతలో ఉంటుంది కాబట్టి స్కేలు పెట్టగానే దొరికిపోతుంది.

రెండోది 10 రెట్ల భూతద్దం. బొమ్మలో చుక్కలు ఉండటం మామూలే. పేరు, నల్ల గీతలు మాత్రం నిండు సిరాతో ఉండాలి. అక్షరాల్లోనూ చుక్కలు కనిపిస్తే స్కాన్ చేసి ముద్రించినదన్నమాట. మూడోది అతినీలలోహిత (యూవీ) లైటు: కార్డు నీలితెలుపుగా వెలిగితే కాగితాన్ని తెల్లగా చూపే రసాయనం అందులో ఉందని అర్థం, 1951–52 కార్డుకి అది గట్టి అనుమానం. వెలగనంత మాత్రాన అసలుదని మాత్రం నమ్మకండి, నకిలీని పాత కాగితం మీద ముద్రించినా వెలగదు.

చివరగా దీపం కింద కార్డుని ఏటవాలుగా తిప్పండి. ఎదురుగా చూస్తే కనబడని మడతలు అప్పుడు నీడగా తేలతాయి. అమ్మేవారి ఫొటోల్లో దాగేవి ఇవే, కాబట్టి ఏటవాలు ఫొటో అడిగి తెప్పించుకోండి.

పాతఅట్ట:
కార్డు ఒక పక్క 1/32 అంగుళం తక్కువుంటే కత్తిరించినట్టేనా?

భూతద్దం:
కొలత ఒక్కటే చాలదు. ఫ్యాక్టరీ కోతలోనూ అంత తేడా వచ్చేది. నాలుగు అంచుల్నీ పోల్చండి. మూడు అంచులు మెత్తబడి వన్నె తగ్గి, నాలుగోది మాత్రం పదునుగా, తెల్లగా ఉంటే కత్తి పడినట్టే. మూలలు మూడు గుండ్రంగా అరిగి, ఒకటి సూదిలా ఉన్నా అంతే. అదే సెట్‌లోని నాలుగైదు కార్డుల మధ్య పెట్టి అంచులు సరిచూస్తే ఇంకా తేలిక.

మూడోబేస్:
టాప్‌లోడర్ సంగతి పై కొలతల్లోనే ఉంది. మామూలుది 2½ × 3½కి చేసినది. 1952–56 టాప్స్‌ని అందులోకి బలవంతంగా తోస్తే మూలలు నలుగుతాయి. ఆ కొలతకే చేసిన పెద్ద స్లీవ్ (పలుచని కవరు), పెద్ద టాప్‌లోడర్ అడగండి. 1951 బోమన్‌ది వేరే చిక్కు: 2 1⁄16 × 3⅛ కాబట్టి మామూలుదాంట్లో అటూ ఇటూ జారి మూలలు కొట్టుకుంటాయి. ముందు చిన్న స్లీవ్‌లో బిగువుగా పెట్టి, ఆపైన టాప్‌లోడర్‌లో ఉంచాలి. పీవీసీ ఆల్బం పేజీలు వద్దు. అందులోని మెత్తబరిచే నూనె క్రమంగా బయటికొచ్చి సిరాకి అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ లేదా మైలార్ తీసుకోండి.

గ్రేడింగ్ విషయంలో నా మాట: పియర్స్, యోస్ట్ లాంటివాళ్ల 3 నుంచి 5 గ్రేడు స్థాయి కార్డుకి చాలాసార్లు కార్డు విలువ కన్నా గ్రేడింగ్ రుసుమే ఎక్కువ. ఆ డబ్బుతో ఇంకో కార్డు కొనుక్కోండి. వెనక పొట్లం కాగితపు మైనం మరక ఉన్నా, బొమ్మ మధ్యలో సరిగా కూర్చుని మడత లేని కార్డుని వదలొద్దు.