ఒకే బోర్డు మీద ఇద్దరు: వైకీకీలో టాండమ్ సర్ఫింగ్ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఉత్తరాంధ్ర_తీరం

మేము భార్యాభర్తలం. మా స్వస్థలం విశాఖపట్నం, ప్రస్తుతం కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉంటున్నాము. ఆగస్టు రెండో సగంలో హవాయిలోని ఒవాహు దీవికి వెళ్తున్నాము. వైకీకీ తీరంలో స్త్రీపురుషులిద్దరు ఒకే పొడవాటి బోర్డు మీద అలతోపాటు సాగుతూ, అతడు ఆమెను తలకు పైగా ఎత్తి పట్టుకునే దృశ్యాలు చూసినప్పటి నుంచి ఈ టాండమ్ సర్ఫింగ్ మీద మా ఇద్దరికీ ఆసక్తి కలిగింది. శాంటాక్రూజ్‌లో తొమ్మిదడుగుల బోర్డు మీద చిన్న అలలను అందుకుని నిలబడడం నాకు వచ్చు. నా భార్యకు ఈత బాగా వచ్చు గాని ఇంతవరకు సర్ఫింగ్ బోర్డు ఎక్కలేదు. నా బరువు 76 కిలోలు, ఆమె బరువు 61 కిలోలు.

మా ఇద్దరికీ ఎంత బోర్డు కావాలి, ఎవరు ముందు ఉండాలి, ఆమె ముందుగా విడిగా సర్ఫింగ్ నేర్చుకోవడం తప్పనిసరా అన్నవి నా సందేహాలు. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు ఋషికొండలో సాధన చేయవచ్చా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పొడవుబోర్డు

నేను శాన్‌డియేగోలో ఉంటాను. నా భార్యతో కలిసి టాండమ్ బోర్డు వాడుతుంటాను గనుక ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు బోర్డు సంగతి. మీ ఇద్దరి బరువు కలిపి 137 కిలోలు. ఒక లీటరు ఘనపరిమాణం సుమారు ఒక కిలో బరువును తేలుస్తుందన్న లెక్క పెట్టుకుంటే, మామూలుగా అభ్యాసకులకు ఇచ్చే తొమ్మిదడుగుల నురుగు బోర్డు మీ ఇద్దరి కింద మునిగిపోతుందని వెంటనే అర్థమవుతుంది. టాండమ్ బోర్డులు సాధారణంగా 11 నుంచి 12 అడుగుల పొడవు, రెండు అడుగులకు పైగా వెడల్పు, నాలుగు అంగుళాలకు పైగా మందం ఉంటాయి. అంత బోర్డును ఇసుక మీద మోయడానికే ఇద్దరు కావాలి. మీరు కొనవద్దు, అద్దెకు తీసుకోండి. వైకీకీలో అద్దెకిచ్చేవారిని అడిగేటప్పుడు ‘పెద్ద బోర్డు’ అని ఊరుకోకుండా ఇద్దరం కలిసి ఎక్కుతామని, మీ ఇద్దరి బరువు ఇంత అని స్పష్టంగా చెప్పండి.

నీటిలో పడుకునే పద్ధతిలోనే సగం విద్య ఉంది. మీ భార్యగారు ముందు పడుకుంటారు, మీరు వెనుక. ఆమె కాళ్లు కొంచెం ఎడంగా ఉంచితే వాటి మధ్య మీ ఛాతీ బోర్డుకు ఆనుతుంది. అప్పుడు బోర్డు ముందు కొన నీటికి రెండు మూడు అంగుళాలు పైన ఉండాలి. అది నీటిలోకి దిగుతుంటే ఇద్దరూ కలిసి ఒక జానెడు వెనక్కి జరగాలి. మరీ పైకి లేచి బోర్డు నీటిని నెట్టుకుంటూ భారంగా కదులుతుంటే ముందుకు జరగాలి. కావడి మోసేవారికి బరువు ఎక్కడ నిలుస్తుందో భుజానికి తెలిసినట్టు, కొంతసేపటికి ఆ చోటు మీ ఇద్దరి ఒంటికీ తెలుస్తుంది. తెలిశాక బోర్డు మీద ఆమె ఛాతీ ఆనే చోట మైనంతో ఒక గీత గీసుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కరలేదు.

చేతులతో నీటిని తోసేటప్పుడు ఇద్దరి కుడిచేతులు ఒకసారి, ఎడమచేతులు ఒకసారి పడాలి. లయను ముందున్నవారు నిర్ణయించాలి, వెనుకవారు అనుసరించాలి, ఎందుకంటే ముందున్నవారికి వెనుక ఏం జరుగుతున్నదో కనిపించదు. అలను ఎంచుకోవడం, ‘తోయి’, ‘లే’ అని చెప్పడం మాత్రం వెనుకవారి బాధ్యత. ఇంత పొడవు, ఇంత బరువు ఉన్న బోర్డు ఆలస్యంగా కదులుతుంది గాని ఒకసారి కదిలితే అల ఇంకా వాలుగా ఉండగానే దానితో కలిసిపోతుంది. అందుచేత అల నిటారుగా లేచేదాకా ఆగకుండా, మీరు ఒంటరిగా వెళ్లేటప్పటికంటే చాలా ముందుగా తోయడం మొదలుపెట్టాలి. బోర్డు జారడం మొదలైన వెంటనే మీరు లేచి, అల సాగే పక్కకు దాన్ని కొంచెం తిప్పి నిలకడపరచండి. ఆ తరువాతే ఆమె లేవాలి. ఇద్దరూ ఒకేసారి లేచే జంటలూ ఉన్నాయి గాని కొత్తవారికి అది కష్టం.

ఆమె విడిగా నేర్చుకోవాలా అంటే, తప్పనిసరిగా నేర్చుకోవాలన్నది నా అభిప్రాయం. నురుగు అలల్లో ఒంటరిగా లేచి నిలబడడం, పడడం అలవాటయ్యాకే జంటగా ఎక్కడం మంచిది.

జవాబు: ముందుసీటు

పై జవాబులో చివరి మాట తప్ప మిగిలినదంతా అంగీకరిస్తాను. నేను ముందు ఉండే మనిషిని, విడిగా సర్ఫింగ్ నేర్చుకోకుండానే టాండమ్ మొదలుపెట్టాను. వైకీకీలో అనుభవం ఉన్న శిక్షకుడి ముందు పడుకుని వెళ్తే ఒక్క ఉదయంలోనే అల వేగం, లేచే సమయం, బోర్డు కదలిక తెలిసివస్తాయి. కొత్తవారు కొత్తవారితో వెళ్లడంలోనే ప్రమాదం ఉంది. కాబట్టి ఉత్తరాంధ్ర_తీరం గారు మొదటిరోజు తన భార్యగారిని శిక్షకుడితో పంపి, తాను పక్కన వేరే బోర్డు మీద ఉండి గమనించడం మేలని నా సలహా. మగవారికి ఈ సలహా నచ్చదని తెలుసు.

ముందున్న మనిషి ఊరికే ప్రయాణికురాలు కాదని కూడా చెప్పాలి. అల నెమ్మదించినప్పుడు అరడుగు ముందుకు వేసి బోర్డుకు వేగం తెచ్చేది, ముందు కొన మునుగుతున్నప్పుడు వెనక్కి వాలేది ఆమె. నిలబడ్డాక చూపు దూరంగా ఉన్న ఒడ్డు మీద నిలపాలి. పాదాల వైపు చూస్తే ఇద్దరూ నీటిలో ఉంటారు.

పడడం గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని చివర్లో ఒక్క వాక్యంలో ముగిస్తారు. ముందున్నవారు ఎన్నడూ బోర్డుకు ముందువైపు పడకూడదు, పక్కకు పడాలి. వెనుకవారు వెనుకకు లేదా రెండో పక్కకు పడాలి. ఎవరు ఏ పక్కకు అన్నది ఒడ్డునే అనుకుని ఉండాలి. వైకీకీ నీటి అడుగున లోతు తక్కువ, పగడపు రాయి ఉంటుంది. తలకిందులుగా దూకకుండా, కాళ్లు బలంగా దించకుండా, నీటి మీద పరుచుకున్నట్టు పడాలి. వెంటనే పైకి రాకుండా ఒక క్షణం ఆగి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని రావాలి. 12 అడుగుల బోర్డు అల మీద తిరిగి వచ్చి తగిలితే చిన్న దెబ్బతో పోదు. కాలికి కట్టే తాడు వెనుకవారికి ఒక్కరికే ఉండాలి, రెండు తాళ్లుంటే నీటిలో ఒకదానికొకటి చుట్టుకుంటాయి.

ఇంకొక్క సంగతి. బోర్డు మీద బోర్లా పడుకుని నడుము పైకి వంచి చాలాసేపు ఉండే కొత్తవారికి అరుదుగా వెన్నుపాముకు రక్తప్రసరణ తగ్గే జబ్బు వస్తుంది. హవాయి వైద్యులే దీన్ని మొదట గుర్తించారు, సర్ఫర్స్ మైలోపతి అంటారు. నడుములో అకస్మాత్తుగా నొప్పి పుట్టినా, కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా వెంటనే ఒడ్డుకు చేరి ఆసుపత్రికి వెళ్లాలి. మధ్యమధ్య లేచి బోర్డు మీద కూర్చుంటూ ఉంటే నడుముకు విశ్రాంతి దొరుకుతుంది.

జవాబు: సిడ్నీ_తెలుగు

మీ ప్రశ్నకు నేరుగా జవాబు కాదు గాని, ఈ ఆట పుట్టిన చోటికే వెళ్తున్నారు గనుక చెబుతున్నాను. వైకీకీ బీచ్ బాయ్స్ అని పేరుపడిన స్థానిక సర్ఫర్లు గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో హోటళ్లకు వచ్చే పర్యాటకులను తమ బోర్డు ముందు ఎక్కించుకుని అలల మీద తిప్పేవారు. నేడు పోటీల్లో చూసే టాండమ్ అక్కడి నుంచి ఎదిగిందే. ఆ బృందంలో అందరికంటే ప్రసిద్ధుడు డ్యూక్ కహనమోకు. 1912 స్టాక్‌హోమ్, 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచింది ఆయనే. 1914 చివర్లో సిడ్నీకి వచ్చి ఫ్రెష్‌వాటర్ తీరంలో సర్ఫింగ్ ప్రదర్శించాడు. 1915 ఆరంభంలో ఇసబెల్ లెథమ్ అనే పదిహేనేళ్ల అమ్మాయిని తన బోర్డు మీద ఎక్కించుకున్నాడు. అల అంచు నుంచి కిందికి చూసి ఆమె భయపడితే, ఆయనే ఆమెను పట్టి లేపి నిలబెట్టాడని ఆమె తరువాత చెప్పుకున్నారు. ఆస్ట్రేలియాలో బోర్డెక్కిన మొదటి వ్యక్తి ఆమే అన్నమాట తరచుగా వినిపిస్తుంది గాని అది సరికాదు, అంతకు ముందే ఇక్కడ బోర్డు నడిపినవారు ఉన్నారు. డ్యూక్ స్వయంగా చేసిన ఆ బోర్డును ఫ్రెష్‌వాటర్ ప్రాణరక్షక సంఘం నేటికీ భద్రపరిచింది.

వయసు మీరిందన్న సందేహం ఉన్నవారి కోసం మరొకటి. 1966లో శాన్‌డియేగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో టాండమ్ విభాగం గెలిచిన పీట్ పీటర్సన్‌కు అప్పటికి యాభై దాటింది. ఆయన జోడీ బ్యారీ ఆల్గా చాలా చిన్నది.

ఉత్తరాంధ్ర_తీరం

అందరికీ కృతజ్ఞతలు. మొదటిరోజు శిక్షకుడితో వెళ్లడానికి నా భార్య సంతోషంగా ఒప్పుకున్నది, నేను కూడా ఒప్పుకున్నట్టే లెక్క. లిఫ్టుల గురించి ఎవరూ చెప్పలేదు. 61 కిలోల మనిషిని నీటి మీద ఎత్తడం నావంటి వాడికి సాధ్యమేనా? మేము వెళ్లే రోజుల్లో వైకీకీలో జాగ్రత్త పడవలసినవి ఇంకేమైనా ఉన్నాయా?

జవాబు: పొడవుబోర్డు

ఈ ప్రయాణంలో లిఫ్టుల ఆలోచన వద్దని నిర్మొహమాటంగా చెబుతున్నాను. ఆ విద్య సముద్రానిది కాదు, వ్యాయామశాలది. అడాజియో అనే జంట విన్యాసాల నుంచి ఈ భంగిమల్లో చాలావరకు వచ్చాయి. పోటీ జంటలు గడ్డి మీద, ఒక మూడో మనిషి పక్కన కాపలా ఉండగా, ఒక్కో భంగిమను పదేపదే సాధన చేసిన తరువాతే నీటికి తెస్తారు. నేల మీద కళ్లు మూసుకుని చేయగలిగితే తప్ప అల మీద కళ్లు తెరిచి చేయలేరు.

బరువు గురించి అడిగారు. పోటీల్లో పాల్గొనే స్త్రీలు తమ జోడీ కంటే బాగా తేలికగా, పొట్టిగా ఉండడం సహజం. అయితే ఎత్తడంలో చేతుల బలం మీరు అనుకున్నంత ముఖ్యం కాదు. మోకాళ్లు వంచి కాళ్లతో లేపడం, పైనున్న మనిషి ఒళ్లు వదిలేయకుండా నడుము నుంచి మడమల దాకా బిగించి ఉంచడం ముఖ్యం. బిగువుగా ఉన్న 61 కిలోలు మోయవచ్చు, జారిపోతున్న 45 కిలోలు మోయలేము. ఇంటి దగ్గర పచ్చికలో మొదట ఆమె మీ ముందు నిలబడి వెనక్కి వాలడం, మీరు నడుము పట్టుకోవడం చేయండి. తరువాత మీ వంచిన తొడ మీద నిలబడడం, ఆ తరువాత భుజం మీద కూర్చోవడం. దింపడం కూడా ఎత్తినంత శ్రద్ధగా నేర్చుకోవాలి. అల విరిగి నురుగుగా మారక ముందే ఆమె పాదాలు తిరిగి బోర్డును తాకాలి గనుక, అల ఎంతసేపు నిలుస్తుందో అంచనా లేనివారు ఎత్తడం మొదలుపెట్టనేకూడదు. వైకీకీలో ఈసారి చేయి చేయి పట్టుకుని నిలబడి ఒడ్డుదాకా వస్తే అది మంచి ఆరంభమే.

పురుషుడే వెనుక ఉండాలన్న నియమం లిఫ్టుల వల్ల వచ్చిందే తప్ప సర్ఫింగ్ వల్ల కాదు. లిఫ్టులు లేనప్పుడు అనుభవం ఎక్కువ ఉన్నవారు వెనుక ఉండడమే సరైన పద్ధతి. మా ఇంట్లో ఒక్కొక్కసారి నా భార్యే వెనుక ఉంటుంది.

జవాబు: ముందుసీటు

మీరు వెళ్లే రోజుల గురించి. వైకీకీ దక్షిణాభిముఖంగా ఉంటుంది గనుక అక్కడికి అలలు ఎక్కువగా వేసవిలో వస్తాయి, ఆగస్టు అందుకు అనువైన నెలే. పగడపు మేట నెమ్మదిగా లోతెక్కడం వల్ల అల ఒక్కసారిగా కూలిపోకుండా చాలా దూరం సాగుతుంది, టాండమ్‌కు కావలసింది అదే. కనూస్ అనే చోట కొత్తవారు ఎక్కువ. ఆ పేరు అక్కడ తిరిగే పడవల వల్ల వచ్చింది, ఇప్పటికీ పర్యాటకులతో నిండిన ఔట్‌రిగ్గర్ పడవలు (ఒక పక్కన తేలే దుంగ కట్టిన పొడవాటి పడవలు) అవే అలల మీద దూసుకొస్తాయి. వాటికి దారి ఇవ్వడం మీ పని, మీ బోర్డు అంత త్వరగా తిరగదు కాబట్టి ముందే తప్పుకోవాలి. జనం చేరకముందు తెల్లవారుజామునే దిగడం మంచిది.

ఒవాహు దక్షిణ తీరానికి పౌర్ణమి తరువాత ఎనిమిది నుంచి పన్నెండు రోజుల మధ్య విషంతో కుట్టే బాక్స్ జెల్లీఫిష్ గుంపులుగా వస్తాయి. పంచాంగం చూసే అలవాటున్నవారికి లెక్క తేలిక, బహుళ అష్టమి మొదలు ద్వాదశి వరకు అన్నమాట. ఆ రోజుల్లో ప్రాణరక్షకులు తీరంలో హెచ్చరిక బోర్డులు పెడతారు. టికెట్లు ఇంకా తీసుకోకపోతే ఆ తిథులు తప్పించి తీసుకోండి, తీసుకుని ఉంటే ప్రతి ఉదయం ప్రాణరక్షకులను అడిగి నీటిలో దిగండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ కలిసిన సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని 2021 జనవరి 1 నుంచి హవాయి నిషేధించింది, జింక్ ఆక్సైడ్ ఉన్నది తెచ్చుకోండి. పొడవు చేతుల స్విమ్ చొక్కా ఉంటే ఆ అవసరమూ తగ్గుతుంది, బోర్డు రాపిడికి ఛాతీ, పొట్ట కూడా కందవు.

జవాబు: భీమిలి_గాలి

ఋషికొండ గురించి ఎవరూ చెప్పలేదు గనుక నేను చెబుతాను. అక్కడ సర్ఫింగ్ చేసేవారు ఉన్నారు, మీరు ఒంటరిగా మీ తొమ్మిదడుగుల బోర్డు మీద స్థానికుల తోడుతో దిగవచ్చు. టాండమ్‌కు మాత్రం వద్దు. మన తీరంలో అల చాలాచోట్ల ఒడ్డుకు దగ్గరలోనే ఒక్కసారిగా విరుగుతుంది, 12 అడుగుల బోర్డు తిరగడానికి చోటు గాని, ఇద్దరు లేవడానికి వ్యవధి గాని ఉండదు. లోపలికి లాగే ప్రవాహాలు కూడా ఉంటాయి, యారాడ వైపయితే ఆ ఆలోచనే చేయవద్దు. భార్యగారికి ఇక్కడ విడిగా సాధన కావాలంటే చెన్నైకి దక్షిణంగా ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదున్న కోవళం వెళ్లండి. అక్కడి మత్స్యకార యువకులు నడిపే సర్ఫింగ్ పాఠశాల ఉంది, అల కూడా సముద్రంలోకి పొడుచుకొచ్చిన తీరపు కొనను చుట్టుకుని కుడివైపుగా సాగుతుంది. సంక్రాంతి సమయానికి ఈశాన్య రుతుపవనాల ఉధృతి తగ్గుతుంది గాని, ఆ వారం సముద్రం ఎలా ఉందో పాఠశాల వారికి ఫోన్ చేసి కనుక్కున్నాకే బయలుదేరండి.