నిలువుగా తిప్పితే కెమెరా ఆగిపోతోంది: తప్పు గ్రిప్‌దా, బ్యాటరీదా?

పేట ఫోటో:
అన్నలందరికీ నమస్కారం. నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళిళ్ళు తీస్తుంటాను. కెమెరా కెనాన్ 80డి, లెన్స్ 24-70 ఎఫ్2.8. నిరుడు శ్రావణంలో ఆర్డర్లు వరసగా ఉన్నాయని, కెమెరా అడుగున బిగించే, రెండు బ్యాటరీలు పట్టే బ్యాటరీ గ్రిప్ ఒకటి తెప్పించాను. కెనాన్ వాళ్ళ బీజీ-ఇ14 ధర చూసి వెనక్కి తగ్గి, బయట వాళ్ళు చేసేది తీసుకున్నాను. ఇన్నాళ్ళూ బాగానే పనిచేసింది.

మొన్న ఒక పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున 3:40కి. జీలకర్ర బెల్లం దాకా ఏ ఇబ్బందీ లేదు. తాళి కట్టేటప్పుడు ఇద్దరూ ఫ్రేములో పడాలని కెమెరా నిలువుగా తిప్పి నొక్కాను. చప్పుడు లేదు. పైన చిన్న స్క్రీన్ ఖాళీ. వ్యూఫైండర్ మసకబారింది. చెయ్యి దించి అడ్డంగా పట్టుకునేసరికి మళ్ళీ ప్రాణం వచ్చింది. సరే అని నిలువుగా తిప్పాను, మళ్ళీ పోయింది. అప్పటికి రెండు ముళ్ళు పడిపోయాయి. మూడోది అడ్డంగానే తీశాను. వీడియో అబ్బాయి దగ్గర మొత్తం ఉంది కాబట్టి బతికిపోయాను, లేకపోతే పెళ్ళికూతురు మేనమామ నన్ను పందిరి గుంజకి కట్టేసేవాడు.

గ్రిప్‌లో రెండు బ్యాటరీలు. ఒకటి కెమెరాతో వచ్చిన ఎల్‌పి-ఇ6ఎన్, రెండోది గ్రిప్ అమ్మినతను ఊరికే ఇచ్చింది. రెండూ రాత్రే ఛార్జ్ చేశాను. ఇప్పుడు తప్పు గ్రిప్‌దా, ఆ ఊరికే వచ్చిన బ్యాటరీదా, కెమెరా బాడీలోనే ఏదన్నా పోయిందా? వచ్చే గురువారం ఇంకో పెళ్ళి ఉంది. నిద్ర పట్టడం లేదు.

ఖమ్మం ఫోటో బాబాయ్:
తమ్ముడూ, "నిలువుగా తిప్పితే" అన్నావు చూడు, జబ్బు అక్కడే ఉంది. బ్యాటరీ అయిపోతే అడ్డంగా పట్టుకున్నా ఆగుతుంది. తిప్పితేనే ఆగుతోందంటే ఎక్కడో కాంటాక్ట్ వదులుతోంది.

గ్రిప్ ఎలా నిలబడుతుందో ఒకసారి ఆలోచించు. కరెంటంతా బ్యాటరీ గదిలోకి వెళ్ళే ఆ స్తంభం మీదుగానే పోవాలి. బరువంతా ట్రైపాడ్ బిగించే రంధ్రంలోకి వెళ్ళే ఒకే ఒక స్క్రూ మీద ఉంటుంది. వేలితో తిప్పే పళ్ళ చక్రం ఆ స్క్రూదే. అది అర చుట్టు వదులైనా అడ్డంగా పట్టుకున్నప్పుడు తెలియదు. నిలువుగా తిప్పావంటే నీ చెయ్యి గ్రిప్ మీద, లెన్స్ బరువు బాడీ మీద. మధ్యలో వెంట్రుకవాసి సందు తెరుచుకుంటుంది. అంతే.

ఇలా చూడు. గ్రిప్ పీకేసి, కంపెనీ బ్యాటరీ నేరుగా బాడీలో వేసి, నిలువుగా పట్టుకుని యాభై నొక్కు. ఆగకపోతే బాడీ క్షేమం. తర్వాత గ్రిప్ బిగించి, ట్రేలో ఒక్క బ్యాటరీయే వేసి చూడు, ఆ తర్వాత రెండోది. స్తంభం మీద ఇత్తడి రంగు కాంటాక్టులు నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి లోపల పడకుండా ఊదెయ్యి.

ఇంకో మాట. కెమెరా బెల్టు ఎక్కడ తగిలిస్తున్నావు? భుజాన అడ్డంగా వేసుకునే రకమా?

పేట ఫోటో:
అవును బాబాయ్, అదే రకం. గ్రిప్ కింద ట్రైపాడ్ రంధ్రంలో బిగించాను. కెమెరా తలకిందులుగా నడుం దగ్గర వేలాడుతుంది.

ఖమ్మం ఫోటో బాబాయ్:
దొరికాడు దొంగ. నీ బాడీ, లెన్స్, పైన ఫ్లాష్ కలిపితే దాదాపు రెండు కిలోలు ఉంటుంది. అంత బరువూ గ్రిప్ చక్రానికి వేలాడుతూ, నువ్వు నడిచినప్పుడల్లా ఊగుతూ, రాత్రంతా ఆ స్క్రూని కొంచెం కొంచెంగా విప్పుతోంది. బెల్టు బాడీకి పక్కనుండే రింగుకి తగిలించు. నేనూ ఒకప్పుడు ఇలాగే వేలాడదీసి ఒక గ్రిప్ పాడుచేసుకున్నా.

నికాన్ రావు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది నికాన్ డి750, గ్రిప్ ఎంబీ-డి16. మా దాంట్లో స్తంభం ఉండదు. బాడీ బ్యాటరీ బాడీలోనే ఉంటుంది, గ్రిప్‌లో ఇంకోటి. బాగుంది కదా అనిపిస్తుంది. కానీ బాడీలోది మార్చాలంటే గ్రిప్ విప్పాల్సిందే, మూత గ్రిప్ కిందే ఉండిపోతుంది. అందుకే మెనూలో ముందు గ్రిప్ బ్యాటరీ వాడమని పెట్టుకోవాలి. నేను తెలివి ఎక్కువై అది మార్చి, ఒక రిసెప్షన్ స్టేజి మీద గ్రిప్ విప్పుతూ నిలబడ్డాను.

గ్రిప్ పెడితే స్పీడ్ పెరుగుతుందని కొందరంటారు. నికాన్‌లో కొన్నింటికి నిజమే. డి850లో ఎంబీ-డి18 పెట్టి పెద్ద బ్యాటరీ వేస్తే సెకనుకు 7 ఫోటోలు 9 అవుతాయి. 80డికి మాత్రం గ్రిప్ ఉన్నా లేకపోయినా 7 దాటవు. ఆ ఆశతో కొనొద్దు.

వైజాగ్ అమ్మాయి:
నేను పసిపిల్లల ఫోటోలు తీస్తాను, పెళ్ళిళ్ళు తక్కువ. నా సలహా వేరే. ఆ గ్రిప్ తీసి పక్కన పెట్టి, రెండో బ్యాటరీ జేబులో వేసుకోండి. 80డికి ఒక ఛార్జ్‌కి 960 ఫోటోలని కెనాన్ లెక్క, అదీ సగం ఫోటోలకి కెమెరా సొంత ఫ్లాష్ వెలిగించి. మీరు పైన పెట్టే ఫ్లాష్ తన సెల్స్ తనే తింటుంది కదా, కాబట్టి ఇంకా ఎక్కువే వస్తాయి. బ్యాటరీ మార్చడానికి ఎంత, పది సెకన్లు. దానికోసం అంత బరువు రాత్రంతా మొయ్యడం ఎందుకు?

పేట ఫోటో:
అక్కా, మీరన్నది నిజమే, కానీ నేను గ్రిప్ కొన్నది బ్యాటరీ కోసమని చెప్పుకున్నానే గానీ ఇప్పుడు వదలలేకపోతున్నది మోచేయి కోసం. గ్రిప్ లేకుండా నిలువుగా పట్టుకుంటే కుడి మోచెయ్యి కోడిరెక్కలా పైకి లేస్తుంది. మండపంలో పక్కన నిలబడ్డ పెద్దాయన కళ్ళజోడు రెండుసార్లు ఎగరగొట్టాను. గ్రిప్ మీద ఇంకో షట్టర్ బటన్ ఉంది కాబట్టి మోచెయ్యి డొక్కకి ఆనుతుంది, చెయ్యి వణకదు. తలంబ్రాలప్పుడు ముప్పావు వంతు ఫోటోలు నిలువుగానే తీస్తాను.

వైజాగ్ అమ్మాయి:
కళ్ళజోడు సంగతి ముందే చెప్పాల్సింది. సరే, ఉంచుకోండి. ఊరికే వచ్చిన ఆ బ్యాటరీని మాత్రం నమ్మకండి. మెనూలో బ్యాటరీ సమాచారం అని ఉంటుంది, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఛార్జ్ ఎంత బాగా ఎక్కుతోందో మూడు గీతలతో చూపిస్తుంది, పచ్చగా మూడుంటే మంచిది, ఒక్కటే ఎర్రగా ఉంటే దాని పని అయిపోయినట్టే.

పేట ఫోటో:
అందరికీ దండం. ఈ రోజు కూర్చుని అంతా చూశాను.

గ్రిప్ లేకుండా బాడీతో నిలువుగా వంద నొక్కాను, ఒక్కసారీ ఆగలేదు. అంతకు ముందు, గ్రిప్ ఇంకా విప్పకుండానే చక్రం వేలితో కదిపితే ముప్పావు చుట్టు తిరిగింది. బాబాయ్ అన్నట్టు వదులే. మళ్ళీ పెట్టి గట్టిగా బిగించి చూశాను, ఇప్పుడు ఆగడం లేదు. కాంటాక్టులు రుద్దితే రబ్బరు నల్లగా అయింది. బెల్టు పీకి బాడీకి తగిలించాను.

రెండో బ్యాటరీ ట్రేలోంచి రాలేదు. చివరికి స్పూను పిడితో లాగితే వచ్చింది. బల్ల మీద పెడితే గిరగిరా తిరుగుతోంది, పొట్ట ఉబ్బింది. మెనూలో అది అసలు కనిపించడం లేదు, కంపెనీ గుర్తు ఉందా అని అడుగుతోంది. కొత్తది కంపెనీదే తెప్పిస్తున్నాను, గురువారానికి అందుతుంది.

ఒక్క సమస్య మిగిలింది. ఒకవేళ గురువారం గ్రిప్ మళ్ళీ మొరాయిస్తే పీకేసి బ్యాటరీ బాడీలో వేద్దామనుకున్నాను. కానీ గ్రిప్ పెట్టేటప్పుడు బాడీకి ఉండే బ్యాటరీ మూత తీసేయాలి కదా, ఆ మూత ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఇల్లంతా వెతికాను. మా ఆవిడ బియ్యం డబ్బా కూడా చూసింది. ఇందాక వంద ఫోటోలూ మూత ఉండాల్సిన చోట వేలితో అదిమిపట్టుకునే తీశాను. కోఠిలో ఆ మూత ఒక్కటే దొరుకుతుందా?

ఖమ్మం ఫోటో బాబాయ్:
కోఠి దాకా ఎందుకు. గ్రిప్ విప్పి ఆ స్తంభం పక్కన చూడు. మూత పెట్టుకోవడానికే అక్కడ ఒక గాడి ఉంటుంది.

పేట ఫోటో:
ఉంది బాబాయ్. ఏడాది నుంచి అక్కడే ఉంది.