‘స్త్రీవాది’లో వాది ఎవరు?

గ్రూపులో అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర ఒక పల్లె. ఒక మాట గురించి మీ అభిప్రాయాలు కావాలి.

మొన్న ఒక పెళ్లిలో మా చెల్లెలు మా మేనత్తని చూపించి, "మా అత్త అసలైన స్త్రీవాది" అంది. పక్కనే కూర్చున్న ఒక లెక్చరర్ గారు, "ఆదివారం ఆదివారం ఉపవాసం ఉండి అరసవల్లి వెళ్లొచ్చే ఆవిడ స్త్రీవాది ఎలా అవుతుందమ్మా? ఆచారాన్ని పట్టుకుని స్త్రీవాదం కుదరదు" అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు, నమ్మే అన్నారు. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదల్లేదు.

మాట దగ్గరే మొదలుపెడతాను. వాదం, వివాదం, సంవాదం, అపవాదం, అన్నీ ‘వద్’ అనే ధాతువు నుంచి వచ్చినవే. పలకడం దాని అర్థం. తెలుగులో ‘వాది’ రెండు దారుల్లో నడుస్తోంది. గాంధేయవాది, సామ్యవాది, ఆశావాది అన్నప్పుడు ఒక ఆలోచనను నమ్మిన మనిషి. కోర్టులో వాది, ప్రతివాది అన్నప్పుడు నాకు రావలసింది ఇప్పించండి అని దావా వేసిన మనిషి. 1980ల్లో స్త్రీవాద కవిత్వం వచ్చాక మన చెవికి అలవాటైన ‘స్త్రీవాది’ మొదటి దారిలోది. లెక్చరర్ గారు ఆ అర్థంలోనే మా అత్తని బయట నిలబెట్టారు. మా అత్త మాత్రం రెండో అర్థంలో నిజంగా వాది. కేసు కాగితాల మీద ఆవిడ పేరు పక్కన ఆ మాటే ఉంది.

మన రాష్ట్రంలో 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. మా అత్తకి పెళ్లయింది 1988లో. చట్టం సంగతి ఎవరో చెబితే ముందు అన్నదమ్ములను ఇంట్లోనే అడిగింది. కట్నం ఇచ్చేశాం కదా అన్నారు. కోర్టుకెక్కింది. ఊళ్లో చాలామంది మాట్లాడటం మానేశారు. పుట్టింటి గుమ్మం ఏడేళ్లు తొక్కలేదు. చివరికి రాజీలో ఎకరం ముప్పై సెంట్లు వచ్చింది.

ఆ కేసులో ప్రతివాదుల్లో మా నాన్న ఒకరు.

నేను పెద్దయ్యాక అడిగాను, అంత ధైర్యం ఎక్కడిదత్తా అని. "నానేటి దొంగసొత్తు అడిగినానా? మా అయ్య బూమి అడిగినాను. ఆ సూర్నారాయణుడు ఆడపిల్లకొక ఎండ, మగపిల్లోడికొక ఎండ కాస్తన్నాడేటి?" అంది. ఆవిడ చట్టం పేరు ఎత్తలేదు, దేవుడి పేరే ఎత్తింది. ఆ దేవుణ్ని పక్కన పెట్టి రమ్మంటే ఆ దావాయే ఉండేది కాదు.

మీరేమంటారు?

జవాబు (బొబ్బిలి నుంచి ఒక మాస్టారు):
అమ్మా, మీ అత్తగారికి నా నమస్కారాలు. కానీ తన వాటా అడిగిన ప్రతి మనిషినీ వాది అంటే ఆ మాట పలచబడిపోతుంది. స్త్రీవాదం ‘నాకు’ అని అడగదు, ‘ఆడవాళ్లకు’ అని అడుగుతుంది. ఇంకో ఆడమనిషిని తక్కువ చేసే ఆచారాన్ని మీ అత్తగారు ఎప్పుడైనా ప్రశ్నించారా? అక్కడే తేలాలి.

జవాబు (విజయనగరం నుంచి ఒక అక్క):
నేను ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నాను. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కాలేజీ. సంగీతంలోనూ వాది ఉంది. వాది, సంవాది, అనువాది, వివాది అని స్వరాలను నాలుగు రకాలుగా చెబుతారు. వివాది అంటే పక్క స్వరంతో పొసగనిది. అయినా దాన్ని బయటికి పంపలేదు. మేళకర్తలంటే మిగతా రాగాలు పుట్టే మూల రాగాలు. ఆ 72 మేళకర్తల్లో 40 వివాది మేళాలే. కచేరీ మొదట్లో ఎంతోమంది పాడే నాట రాగంలోనూ వివాది ఉంది. ఆ స్వరాన్ని ఎక్కడ ఎంతసేపు నిలపాలో తెలిసి పాడాలి, అంతే. భక్తి ఉన్న ఆడవాళ్లు స్త్రీవాదంలో అలాంటి స్వరం అనుకుంటాను.

మళ్లీ నేను:
అక్కా, మీ మాట దాచుకుంటాను. మాస్టారూ, మీ ప్రశ్నకు సగం జవాబు పాతవాళ్ల దగ్గర ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తరిగొండ వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. తల గొరిగించుకోను, బొట్టు తీయను, నా భర్త వేంకటేశ్వరుడు అని ఎదురు తిరిగిందని చెప్పుకుంటారు. ఆవిడ భక్తే ఆవిడ వాదం. పండిత రమాబాయి 1883లో క్రైస్తవం తీసుకుంది. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ పెట్టింది. తను చేరిన చర్చి పెద్దలతోనూ వాదించింది. వీళ్లను బయట నిలబెడితే స్త్రీవాద చరిత్రలో పెద్ద ఖాళీ మిగులుతుంది. వీళ్లు ‘నాకు’ అన్నది మిగతా ఆడవాళ్లకు కూడా దారి అయింది.

మిగతా సగం మా ఇంట్లో ఉంది. అది రాయకపోతే మీ ప్రశ్న తప్పించుకున్నట్టే.

మా నాన్న 2011లో పోయారు. అప్పటికి రాకపోకలు బాగానే ఉన్నాయి. ఆ తర్వాతి శ్రావణంలో అత్త ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. తెల్లవారుజామునే వెళ్లి పులిహోర కలిపింది, బూర్లు వేసింది మా అమ్మే. పేరంటాళ్లు వచ్చేసరికి వంటింట్లోనే ఉండిపోయింది. అందరికీ బొట్టు, తాంబూలం ఇచ్చిన అత్త అమ్మ దగ్గరికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. తాంబూలం మాత్రం ఇవ్వలేదు.

‘ముత్తయిదువ’లోని ‘ఐదువ’ను జనం ఐదు అలంకారాల లెక్కన చెబుతారు. పండితులు ‘అవిధవ’ నుంచి వచ్చిందంటారు. అంటే విధవ కానిది అని. ఎంత మంగళకరంగా పిలిచినా ఆ మాట లోపల మా అమ్మ లాంటి వాళ్లను కాదనడం ఉంది. ఈ విషయం తెలిశాక నేను ఆ మాట వాడలేకపోతున్నాను.

అందుకే మాస్టారూ, మా అత్త స్త్రీవాది కాదు అనను. దావా వేసిన రోజున అవును. తాంబూలం ఆపిన రోజున ఆవిడ ప్రతివాది, వాది మా అమ్మ. ఒకే మనిషి రెండు చోట్లా నిలబడింది. భక్తి ఉందా లేదా అని చూసి లోపలికి రానివ్వాలా వద్దా అనుకోవడం కంటే, లోపలే కూర్చోబెట్టి ఆవిడతో వాదించడం నాకు న్యాయంగా ఉంది. ఎందుకంటే ఆవిడకు జవాబు ఆవిడ నోటి నుంచే దొరికింది.

పోయిన నెల అరసవల్లిలో మెట్ల మీద కూర్చున్నప్పుడు అడిగాను. "అత్తా, సూర్నారాయణుడు నీకొక ఎండ, అమ్మకొక ఎండ కాస్తున్నాడా?"

చాలాసేపు మాట్లాడలేదు. కొబ్బరి చిప్ప కొంగులో కట్టుకుంటూ, "శ్రావణం రానీ" అంది.

అమ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.