ఫెన్వే పార్కుకి వెళ్ళేలోపు రెడ్ సాక్స్ గురించి ఏమేం తెలుసుకోవాలి?

సత్యనారాయణపురం టీచర్:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయీ అల్లుడూ బోస్టన్ దగ్గర ఉంటారు, జూన్‌లో వాళ్ళ దగ్గరకు వెళ్తున్నాను. మనవడికి తొమ్మిదేళ్ళు, వాడికి అక్కడి బేస్‌బాల్ టీము రెడ్ సాక్స్ అంటే ప్రాణం. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఆ టీము సంగతులే చెప్తాడు, నేను ఊఁ కొడుతూ ఉంటాను కానీ అందులో పావు వంతు కూడా నాకు ఎక్కదు. మొన్న "అమ్మమ్మా, నువ్వొచ్చాక నిన్ను ఫెన్వేకి తీసుకెళ్తా, నాన్న టికెట్లు కొనేశాడు" అన్నాడు. ఫెన్వే పార్కు అంటే ఆ టీము సొంత స్టేడియం. వాడి పక్కన మూడు గంటలు ఊరికే కూర్చుని రావడం నాకు ఇష్టం లేదు.

క్రికెట్ నాకు బాగా తెలుసు, మా నాన్నగారి పక్కన కూర్చుని రేడియోలో కామెంటరీ వింటూ పెరిగినదాన్ని. బేస్‌బాల్ మాత్రం మా స్కూలు ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే చూసినంత వరకే తెలుసు. రూల్స్ వాడే నేర్పుతాడు, దానికి ఇబ్బంది లేదు. ఆ టీము చరిత్రలో జనం ఇప్పటికీ తలుచుకునే ఘట్టాలు ఏవి? 2004 అనీ, బక్నర్ అనీ వాడి నోట ఎప్పుడూ వింటుంటాను. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

బ్రాడీపేట 4వ లైను:

టీచర్ గారూ నమస్తే. మాది గుంటూరు, నేను ఎమ్మెస్‌కి బోస్టన్ వెళ్ళింది 2003లో, కాబట్టి 2004 సంగతి నేను చెప్పాల్సిందే. కానీ దానికంటే ముందు ఒక మాట తెలియాలి. ఈ టీము 1903లో మొట్టమొదటి వరల్డ్ సిరీస్, అంటే అక్కడి మేజర్ లీగు ఫైనల్, గెలిచిన టీము, 1918 దాకా అయిదు గెలిచింది. 1919 డిసెంబరులో ఓనరు హ్యారీ ఫ్రేజీ తన స్టార్ ఆటగాడు బేబ్ రూత్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేశాడు. అప్పటిదాకా యాంకీస్ ఒక్క వరల్డ్ సిరీస్ కూడా గెలవలేదు. ఆ తరవాత 2003 లోపు వాళ్ళు 26 గెలిచారు, బోస్టన్ ఒక్కటీ గెలవలేదు. బాంబినో శాపం అని దానికి పేరు పెట్టుకున్నారు, బాంబినో అంటే రూత్ ముద్దుపేరు. నాలుగుసార్లు ఫైనల్ దాకా వెళ్ళి నాలుగుసార్లూ చివరిదైన ఏడో మ్యాచ్‌లోనే ఓడిపోయారు.

ఇప్పుడు 2004 అక్టోబరు. ఫైనల్‌కి ముందు సిరీస్‌లో ఎదురుగా మళ్ళీ యాంకీసే. ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలవాలి. మొదటి మూడూ ఓడిపోయాం, మూడోదైతే 19-8. మేం నలుగురం తెలుగువాళ్ళం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, కింద ఇంటి ఓనరు, అరవై దాటిన పెద్దాయన. మూడో మ్యాచ్ అయ్యాక ఆయన టీవీ కట్టేసిన చప్పుడు పైకి వినిపించింది, మర్నాడు మెట్ల దగ్గర ఎదురైతే తల ఊపి వెళ్ళిపోయారు తప్ప మాట్లాడలేదు.

నాలుగో మ్యాచ్. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, 4-3తో వెనకబడి ఉన్నాం, బంతి మరియానో రివెరా చేతిలో ఉంది. ఆఖరి ఓవర్లలో ఆయన్ని మించిన బౌలర్ లేడు అనుకోండి, అంత పేరు. మన బ్యాటర్ మిలార్ వాక్ మీద, అంటే గురి తప్పిన బంతులు నాలుగు పడినందుకు ఉచితంగా, ఫస్ట్ బేస్‌కి వెళ్ళాడు. అతని బదులు పరుగెత్తడానికి డేవ్ రాబర్ట్స్‌ని దించారు, జులై ఆఖర్లో టీములోకి వచ్చినవాడు, ఆ మూడు నెలల్లో పెద్దగా ఆడిందీ లేదు. అతను సెకండ్ బేస్ దొంగిలిస్తాడని స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు, రివెరాకి కూడా తెలుసు. దొంగిలించడమంటే బ్యాటర్ బంతిని కొట్టకుండానే రన్నర్ తెగించి తరవాతి బేస్‌కి ఉరకడం. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు, మన క్రికెట్ పిచ్ 66 అడుగులు, అదీ దూరం. రివెరా వరసగా మూడుసార్లు ఫస్ట్ బేస్‌కి విసిరి అతన్ని వెనక్కి తరిమాడు. నాలుగోసారి బ్యాటర్‌కి వేశాడు, రాబర్ట్స్ ఉరికాడు. బంతీ అతనూ దాదాపు ఒకేసారి వచ్చారు, చెయ్యి ముందు తగిలింది, సేఫ్. ఆ వెంటనే బిల్ మ్యూలర్ మధ్యలోంచి కొట్టాడు, రాబర్ట్స్ చుట్టు పూర్తి చేసి ఇంటికొచ్చాడు, అంటే ఒక పరుగు, 4-4. సమమైతే అదనపు ఇన్నింగ్స్ ఆడతారు. పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. అప్పటికి అర్ధరాత్రి ఒంటిగంట ఇరవై దాటింది. అదే తారీఖు రాత్రి అయిదో మ్యాచ్, 14 ఇన్నింగ్స్ పోయింది, మళ్ళీ ఓర్టిజే గెలిపించాడు. ఆరో మ్యాచ్‌లో కర్ట్ షిల్లింగ్ చీలమండకి కుట్లతో బంతులు వేశాడు, సాక్స్ మీద నెత్తురు కనిపిస్తూనే ఉంది. ఏడోది 10-3. మూడు ఓడి నాలుగు గెలవడం ఆ లీగులో అంతకుముందు ఎవరూ చెయ్యలేదు, ఇప్పటికీ ఇంకెవరూ చెయ్యలేదు. వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్ మీద నాలుక్కి నాలుగూ గెలిచారు. అక్టోబరు 27 రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణం, ఆకాశంలో ఎర్రటి చందమామ.

ఆ రాత్రి పెద్దాయన పైకొచ్చి మా నలుగురినీ ఒక్కొక్కర్నీ పట్టుకుని ఏడ్చారు. పొద్దున్నే రెండు పేపర్లు కొన్నారు, ఒకటి ఇంట్లోకి, ఒకటి వాళ్ళ నాన్న సమాధి దగ్గర పెట్టడానికి. నన్ను తోడు రమ్మన్నారు. వెళ్ళేసరికి ఆ శ్మశానంలో అప్పటికే చాలా సమాధుల మీద టోపీలు, జెండాలు, పేపర్లు ఉన్నాయి. వాళ్ళ నాన్న 1918 తరవాత పుట్టి 2004కి ముందే పోయిన మనిషి, బతికినన్నాళ్ళూ ఒక్క గెలుపు చూడలేదు. 86 ఏళ్ళంటే ఏంటో నాకు అక్కడ అర్థమైంది. మీ మనవడు 2004 అన్నప్పుడు వాడికి తెలిసింది స్కోర్లు అయి ఉండొచ్చు, మీరు ఈ సమాధుల సంగతి వాడికి చెప్పండి.

పటమట కిరణ్:

అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఒక సందేహం. ఆ రాబర్ట్స్ టీములో మూడు నెలలు మాత్రమే ఉన్న మనిషి, ఒక్క పరుగుకి ఇంత పేరా? ఆ తరవాత అతను ఏమయ్యాడు?

బ్రాడీపేట 4వ లైను:

తమ్ముడూ, ఆ ఒక్క పరుగు లేకపోతే నాలుగో మ్యాచ్‌తోనే కథ అయిపోయేది. ఆ డిసెంబరులోనే అతన్ని వేరే టీముకి పంపేశారు. కానీ ఈ రోజుకీ ఫెన్వేలో అతను కనిపిస్తే జనం లేచి నిలబడతారు. తరవాత లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి మేనేజర్ అయ్యాడు, 2020లో, 2024లో వాళ్ళకి వరల్డ్ సిరీస్ గెలిపించాడు.

గవర్నర్‌పేట మూర్తి:

మేడమ్, మీరు లెక్కల టీచర్ అన్నారు కాబట్టి మీకు రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ గురించే చెప్పాలి. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు అంటే కొట్టిన హిట్లని ఆడిన అవకాశాలతో భాగించడం. సీజన్ మొత్తం మీద .300 వస్తే మంచి ఆటగాడు, .400 అంటే కొండ. 1941 సీజన్ ఆఖరి రోజు, సెప్టెంబరు 28, ఫిలడెల్ఫియాలో రెండు మ్యాచ్‌లు. ఆ పొద్దున విలియమ్స్ లెక్క 448 అవకాశాల్లో 179 హిట్లు. మీరే భాగించి చూడండి. మూడు స్థానాలకు సవరిస్తే .400 అవుతుంది, రికార్డు పుస్తకంలో అలాగే రాస్తారు. మేనేజర్ జో క్రోనిన్ కావాలంటే ఇవాళ ఆడొద్దు, కూర్చో అన్నాడు. కుర్రాడికి 23 ఏళ్ళు. సవరించిన .400 నాకొద్దని రెండు మ్యాచ్‌లూ ఆడాడు, 8 అవకాశాల్లో 6 హిట్లు, .406తో ముగించాడు. ఆ తరవాత మేజర్ లీగులోని రెండు విభాగాలైన అమెరికన్ లీగులోగానీ నేషనల్ లీగులోగానీ ఎవరూ .400 చేరలేదు, ఎనభై ఏళ్ళు దాటింది.

ఇంకో విషయం, ఆయన ఆఖరి మ్యాచ్ కూడా సెప్టెంబరు 28నే, 1960లో. చివరిసారి బ్యాట్ పట్టుకుని హోమ్ రన్ కొట్టి వెళ్ళిపోయాడు. మధ్యలో రెండు యుద్ధాలకి పైలట్‌గా వెళ్ళి దాదాపు అయిదు సీజన్లు పోగొట్టుకున్నాడు, అవే లేకపోతే అంకెలు ఎక్కడ ఉండేవో అని నేను చాలాసార్లు కాగితం మీద లెక్కలు వేసుకున్నాను. ఫెన్వేలో కుడివైపు దూరంగా పచ్చని కుర్చీల మధ్య ఒక్కటే ఎర్ర కుర్చీ ఉంటుంది. 1946లో ఆయన కొట్టిన 502 అడుగుల హోమ్ రన్ పడిన చోటు అది. మనవడితో కలిసి వెతకండి.

సాఫ్ట్‌బాల్ గుంటూరు:

నమస్తే టీచర్ గారూ. నేను స్కూల్లో సాఫ్ట్‌బాల్ క్యాచర్‌ని, అంటే వికెట్ కీపర్ లాంటిదాన్ని, మా పీఈటీ సారు చలవ. అందుకేనేమో నాకు కార్ల్‌టన్ ఫిస్క్ అంటే అభిమానం, ఆయనా క్యాచరే. పైన అన్న చెప్పిన 2004 గొప్పదే, కాదనను, కానీ గెలిచిన సిరీసే గొప్ప అనడం నాకు ఒప్పుగా అనిపించదు. 1975 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ చూడండి. సిన్సినాటి రెడ్స్ మీద 6-3తో వెనకబడి ఉంటే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బెర్నీ కార్బో మూడు పరుగుల హోమ్ రన్‌తో సమం చేశాడు. పన్నెండో ఇన్నింగ్స్‌లో ఫిస్క్ ఎడమవైపు ఎత్తుగా కొట్టాడు. బంతి గీత లోపల ఉంటుందో బయటికి పోతుందో తెలియదు. ఆయన ఫస్ట్ బేస్ వైపు గెంతుతూ రెండు చేతులతో బంతిని లోపలికి రా, లోపలికి రా అని తోస్తున్నట్టు ఊపాడు. బంతి వెళ్ళి గీత చివరున్న పసుపు స్తంభానికి తగిలింది. తగిలితే హోమ్ రన్నే. ఏడో మ్యాచ్ 4-3తో ఓడిపోయారు, సిరీస్ పోయింది, అయినా ఆ చేతులు ఊపడం యాభై ఏళ్ళ తరవాత కూడా అందరికీ గుర్తుంది. 2005లో ఆ స్తంభానికి ఫిస్క్ పేరే పెట్టారు. అది ఎడమవైపు, 37 అడుగుల పచ్చగోడ పక్కనే ఉంటుంది. ఆ గోడని గ్రీన్ మాన్‌స్టర్ అంటారు, దాని కింది భాగంలో ఉన్న స్కోరు బోర్డు ఇప్పటికీ మనుషులు చేత్తో మారుస్తారు. ఫోన్‌లో ఒకసారి ఆ వీడియో చూసి వెళ్ళండి, స్తంభం కనిపించగానే మీరే మనవడికి చెప్పొచ్చు.

సత్యనారాయణపురం టీచర్:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ఎంతో ధన్యవాదాలు. మూర్తి గారూ, భాగించాను. .39955 వచ్చింది. పదో తరగతి పరీక్షల్లో ఒక్క మార్కు కలపమని అడిగిన పిల్లలని ఎంతమందిని చూశానో, ఈ అబ్బాయి కలిపిన మార్కు వద్దన్నాడు. నిన్న వీడియో కాల్‌లో మనవడిని 448లో 179 అంటే ఎంతరా అని అడిగాను. వాడు ఒక్క క్షణం ఆగి "టెడ్ విలియమ్స్!" అని అరిచాడు.

2004 చదువుతుంటే నాకు 2001 కోల్‌కతా టెస్టు గుర్తొచ్చింది. ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, అంతకుముందు పదహారు టెస్టులు వరసగా గెలిచిన ఆస్ట్రేలియా మీద. మా స్టాఫ్ రూములో ఆ రోజు ఎవ్వరూ క్లాసులకి సమయానికి వెళ్ళలేదు. మరి బక్నర్ సంగతి ఎవరూ చెప్పలేదే? అడిగితే మావాడు ముఖం చిన్నబుచ్చుకుంటున్నాడు.

బ్రాడీపేట 4వ లైను:

కావాలనే ఆగానండి, అది బాధ పెట్టే కథ. 1986 వరల్డ్ సిరీస్, న్యూయార్క్ మెట్స్ మీద 3-2 ఆధిక్యం. ఆరో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో 5-3, మెట్స్‌కి ఇద్దరు అవుట్, బేస్‌ల మీద ఎవరూ లేరు. ఇంకొక్క అవుట్ చాలు. అక్కడినుంచి వరసగా మూడు హిట్లు పడ్డాయి, తరవాత పిచర్ (మన బౌలర్ లాంటివాడు) వేసిన బంతి క్యాచర్‌కి అందకుండా పోయి స్కోరు సమమైంది. ఆ తరవాత మూకీ విల్సన్ కొట్టిన నెమ్మదైన బంతి ఫస్ట్ బేస్ దగ్గర బిల్ బక్నర్ కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయింది, మ్యాచ్ పోయింది. రెండు రోజుల తరవాత ఏడోదీ పోయింది.

జనం మర్చిపోయేది ఏంటంటే, బంతి ఆయన దగ్గరకు వచ్చేసరికే స్కోరు 5-5. అంతకుముందు తప్పు చేసినవాళ్ళని వదిలేసి మొత్తం ఆయన మీద వేశారు. రెండు చీలమండలూ నొప్పితో ఆడుతున్న మనిషి, కెరీర్‌లో 2,715 హిట్లు కొట్టిన మనిషి. ఏళ్ళ తరబడి ఆయన్నీ ఆయన పిల్లల్నీ కూడా జనం మాటలతో పొడిచారు, ఆయన ఐడహో వెళ్ళి స్థిరపడ్డారు. ఇది చాలా అన్యాయం అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

2008 ఏప్రిల్లో, ఆ సీజన్ ఫెన్వేలో మొదటి మ్యాచ్‌కి, లాంఛనంగా మొదటి బంతి వెయ్యడానికి ఆయన్ని పిలిచారు. ఎడమవైపు గోడ దగ్గరనుంచి ఒక్కడే నడుచుకుంటూ వచ్చారు. స్టేడియం మొత్తం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజు నేను మామూలు టికెట్ మీద వెనకాల ఉన్నాను, మా ఓనరు గారు అప్పటికి లేరు. 2019లో బక్నర్ పోయారు.

పటమట కిరణ్:

మా అక్క కూడా అక్కడే ఉంటుంది, 2013 గురించి చెప్పమంటోంది. ఆ ఏప్రిల్లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాయి. అదే ఏడాది అక్టోబరులో రెడ్ సాక్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు, అదీ ఫెన్వేలోనే, సొంత గడ్డ మీద 1918 తరవాత అదే మొదటిసారి. ఊరేగింపు మారథాన్ ముగింపు గీత దగ్గర ఆగింది, ట్రోఫీని ఆ గీత మీద పెట్టారు. మా అక్క ఆ రోజు ఆ రోడ్డు మీదే నిలబడి ఉందట.

సత్యనారాయణపురం టీచర్:

బక్నర్ గారి గురించి చదివి నిన్న రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మనవడికి ఆ 2008 సంగతి తెలియదట, వాడు కాళ్ళ మధ్యనుంచి బంతి పోయిన వీడియో ఒక్కటే చూశాడు. చప్పట్ల వీడియో ఇద్దరం కలిసి చూద్దామని చెప్పాను. ఒక చిన్న సాయం, మా టికెట్లు గ్రాండ్‌స్టాండ్ అని ఉన్నాయి. అక్కడినుంచి ఫిస్క్ స్తంభం, ఎర్ర కుర్చీ రెండూ కనిపిస్తాయా?

గవర్నర్‌పేట మూర్తి:

మేడమ్, అది 1912లో కట్టిన స్టేడియం, గ్రాండ్‌స్టాండ్‌లో పైకప్పుని మోసే స్తంభాలు కొన్ని సీట్లకి అడ్డం వస్తాయి. మీ అల్లుడి గారిని సీటు నంబరు కొట్టి అక్కడినుంచి ఎలా కనిపిస్తుందో ఫొటో చూడమనండి, నెట్‌లో దొరుకుతాయి. చెక్క కుర్చీలు, ఇరుకుగా ఉంటాయి, చిన్న దిండు లాంటిది ఏదైనా తీసుకెళ్ళనిస్తారేమో కూడా కనుక్కోమనండి. గేట్లు తెరవగానే లోపలికి వెళ్ళిపోతే జనం నిండకముందే ఇద్దరూ ఒక రౌండు తిరిగి రెండూ దగ్గరనుంచి చూడొచ్చు.