నెలవారీ బ్యూటీ బాక్స్: "రూ.1,713 విలువ" ఎక్కడుంది? మిగతా నాలుగు నెలల డబ్బు వెనక్కి అడగొచ్చా?

కాటుకపిట్ట:

నెలనెలా మేకప్, చర్మ సంరక్షణ శాంపిల్స్ ఇంటికి పంపే బ్యూటీ బాక్స్ తీసుకుంటున్నాను. ఆరు నెలల ప్లాన్‌కి ముందే రూ.2,994 కట్టాను. నెలకు రూ.499 పడింది. ఒక్క నెలకే తీసుకుంటే రూ.599. ఇప్పటికి రెండు బాక్సులు వచ్చాయి. మొదటిది ఫర్వాలేదు, రెండోదాంట్లో ఇవి ఉన్నాయి:

విటమిన్ సి సీరం 5 మి.లీ. (30 మి.లీ. సీసా రూ.699)
సన్‌స్క్రీన్ 10 గ్రా. (50 గ్రా. ట్యూబు రూ.499), ఎక్స్‌పైరీకి ఇంకా రెండు నెలలే ఉంది
నైట్ క్రీమ్ 2 గ్రాముల ప్యాకెట్లు రెండు (50 గ్రా. డబ్బా రూ.895)
అట్టకి అతికించిన ఫౌండేషన్ ప్యాకెట్ 1 మి.లీ. (30 మి.లీ. రూ.799)
లిప్‌స్టిక్ ఫుల్ సైజు, ఎమ్మార్పీ రూ.899. ఎప్పుడూ పేరు వినని బ్రాండు.
ఇవి కాక ఒక కూపన్ కార్డు.

లోపలి కార్డు మీద "ఈ నెల మీ బాక్స్ విలువ రూ.1,713" అని ఉంది. ప్రొఫైల్‌లో జిడ్డు చర్మం, చామనఛాయ అని నింపాను. ఫౌండేషన్ చూస్తే తెల్లటి ఛాయకు, క్రీమ్ చూస్తే పొడి చర్మానికి. విలువ ఎలా లెక్కకట్టారు? ఆ సన్‌స్క్రీన్ వాడొచ్చా? మిగతా నాలుగు బాక్సులు వద్దంటే డబ్బు ఇస్తారా? వాళ్ల సైటులో "నో రిఫండ్" అని ఉంది.

కొలతచెంచా:

ముందు విలువ సంగతి. ఫుల్ సైజు ఎమ్మార్పీని పరిమాణంతో భాగించి, శాంపిల్ పరిమాణంతో గుణిస్తే సరి. సీరం 116.50, సన్‌స్క్రీన్ 99.80, క్రీమ్ 71.60, ఫౌండేషన్ 26.63. పైసలు వదిలేస్తే నాలుగూ కలిపి రూ.314. లిప్‌స్టిక్ 899 కలిపితే 1,213. 1,713కి సరిగ్గా 500 తక్కువ. ఆ కూపన్ మీద ఎంత రాసుందో చూడండి. రూ.500 తగ్గింపు అయ్యుంటుంది, దాన్ని కూడా సరుకు కింద జమకట్టారు. ఇంకో రూ.1,500కి కొంటేనో ఏమో పనికొచ్చే కాగితం అది, విలువ ఎలా అవుతుంది?

లిప్‌స్టిక్ దగ్గర ఇంకో కిటుకుంది. అదే పేరుతో రెండు మూడు షాపింగ్ యాప్‌లలో వెతకండి. బాక్సులకనే తయారయ్యే బ్రాండ్లకి ఎమ్మార్పీ ఒకటి, అమ్మే ధర ఇంకొకటి. 899 అని అచ్చేసి ఏడాది పొడుగునా 399కి అమ్ముతుంటే ఆ సరుకు ధర 399 అనే అనుకోవాలి. అప్పుడు బాక్స్ మొత్తం రూ.713కి దిగుతుంది. మీకు నప్పని ఫౌండేషన్, క్రీమ్ తీసేస్తే రూ.614. అందులో లిప్‌స్టిక్ రంగు మీరు ఎంచుకున్నది కాదు. కాబట్టి ఏ నెల బాక్స్‌కైనా ఫుల్ సైజు వస్తువును పక్కనపెట్టి శాంపిల్స్ లెక్క మాత్రం కట్టండి. ఇక్కడ అది రూ.499కి రూ.314.

ఇలా ఎందుకవుతుందంటే, బాక్స్ కంపెనీలు శాంపిల్స్‌ని సాధారణంగా డబ్బు పెట్టి కొనవు. బ్రాండ్లు ప్రచారం కోసం ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇస్తాయి. 2010లో న్యూయార్క్‌లో బర్చ్‌బాక్స్ నెలకు 10 డాలర్లతో మొదలుపెట్టిన పద్ధతి ఇదే: శాంపిల్ నచ్చితే ఫుల్ సైజు కూడా తమ దగ్గరే కొంటారని ఆశ. బ్రాండ్ దగ్గర ఏది మిగిలితే, ఏది కొత్తగా తోయాలనుకుంటే అది బాక్స్‌లోకి వస్తుంది. తేదీ దగ్గరపడ్డ సరుకు ఎక్కువగా కనిపించేది అందుకే. ప్రొఫైల్ ప్రశ్నలు ఇరవై అడుగుతారు కానీ ఆ నెలకు ప్యాక్ చేసేవి నాలుగైదు రకాల బాక్సులే అయితే, మీ జవాబులు ఆ నాలుగైదింట్లో ఒకదాన్ని ఎంచడానికే పనికొస్తాయి. మీ ఛాయ ఫౌండేషన్ బ్రాండ్ పంపకపోతే, పంపిన ఛాయే మీకు.

లేబుల్ పిచ్చి:

సన్‌స్క్రీన్ గురించి. రెండు నెలలంటే భయపడక్కర్లేదు, ఎందుకంటే అది పదే గ్రాములు. ముఖానికి, మెడకి కలిపి ఒకసారికి గ్రాము పైనే కావాలి (చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పెడితే సుమారు అంత). రోజుకొకసారి రాస్తే పది రోజుల్లో అయిపోతుంది. అంతకంటే ఎక్కువ రోజులు వచ్చిందంటే మీరు తక్కువ రాస్తున్నట్టు, లేబుల్ మీది ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే స్థాయి) మీకు అందదు. ట్యూబు నొక్కగానే ముందు నీళ్లలాంటిది కారి తర్వాత గడ్డలా వస్తే మాత్రం తేదీ ఎంతున్నా పారేయండి. వేసవిలో కొరియర్ బండిలో, గోదాములో ఉడికిపోయి విడిపోయిందన్నమాట. అలా విడిపోయిన సన్‌స్క్రీన్ చర్మం మీద సమానంగా పరుచుకోదు.

లిప్‌స్టిక్ మీద చిన్న చిన్న నూనె బొట్లు కనిపిస్తే అదీ ఎండ పనే. ఫ్రీజర్‌లో కాదు, ఫ్రిజ్‌లో నిలువుగా అరగంట పెట్టి, టిష్యూతో తుడిచి వాడొచ్చు. పాత నూనె కంపు కొడితే వద్దు. ఫుల్ సైజు కాబట్టి తేదీ అసలు చూడాల్సింది దీని మీద. మూడున్నర గ్రాముల లిప్‌స్టిక్ రెండు నెలల్లో ఎవరికీ అవదు.

సీరం తెరిచిన రోజే తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేసి రంగు చూడండి. అందులోని విటమిన్ సి ఆస్కార్బిక్ ఆమ్లం రకమైతే నీళ్లలాగో లేత పసుపుగానో ఉండాలి. ముదురు నారింజ, గోధుమ రంగు వచ్చిందంటే గాలి తగిలి పాడైంది, ఎక్స్‌పైరీ ఏడాది ఉన్నా సరే. మి.లీ.కి సుమారు 20 చుక్కలు, 5 మి.లీ.కి వంద. పొద్దున్నే నాలుగు చుక్కలైతే 25 రోజులు. మచ్చల మీద విటమిన్ సి పని చేసిందో లేదో తెలియడానికి కనీసం రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి ఈ శాంపిల్ వల్ల మంట పుడుతుందా, జిడ్డుగా ఉంటుందా, పైన సన్‌స్క్రీన్ రాస్తే ఉండలు కడుతుందా అన్నవరకే తెలుస్తుంది. "25 రోజులు వాడాను, ఏం తేడా లేదు" అని రివ్యూ రాయడం ఆ సీరంకి అన్యాయం.

క్రీమ్ ప్యాకెట్ చింపాక మడిచి క్లిప్పు పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి. వేరే డబ్బాలోకి మార్చొద్దు, ఆ డబ్బాలో తడి ఉంటే చెడుతుంది. ఫౌండేషన్ ప్యాకెట్ మీద తేదీ లేకపోతే ముఖానికి రాయకండి. అట్టకి అతికించిన వాటికి తేదీ అట్ట వెనక ఉంటుంది, ప్యాకెట్ పీకేసి అట్ట పారేసేవాళ్లే ఎక్కువ.

చిన్న ప్యాకెట్ల మీద వివరాలు తక్కువ ఉండటం ప్రతిసారీ మోసం కాదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ (ప్యాక్ చేసి అమ్మే సరుకుల) నిబంధనల్లో 10 గ్రాములు, 10 మి.లీ. వరకు ఉన్న ప్యాకెట్లకి మినహాయింపు ఉంది. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం 60 మి.లీ. కంటే తక్కువ ద్రవాలకి, 30 గ్రాముల కంటే తక్కువ క్రీములకి పదార్థాల జాబితా తప్పనిసరి కాదు. అంటే శాంపిల్స్ దాదాపు అన్నిటికీ ఆ జాబితా లేకపోవచ్చు. బ్రాండ్ సైటులో ఫుల్ సైజు పేజీ తెరిచి చదువుకోవడమే దారి. కొత్తది ఏదైనా మోచేతి మడతలో రాసి 48 గంటలు చూడండి. బాక్స్ రాగానే అయిదూ ఒకేసారి మొదలుపెడితే, దద్దుర్లు వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు. వస్తువుకీ వస్తువుకీ మధ్య వారం ఎడం ఉంచండి.

రసీదు దాచు:

డబ్బు సంగతి నేను చెప్తాను. "నో రిఫండ్" అన్న మాట అన్ని చోట్లా చెల్లదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకు లోపభూయిష్టమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. అయితే "అనుకున్నంత బాగాలేదు" అన్నది దీని కిందకి రాదు. మీరు పట్టుకోవాల్సినవి రెండు: ప్రొఫైల్‌కి తగ్గట్టు పంపుతామన్న హామీ, కూపన్‌ని కలిపి చూపిన 1,713. సన్‌స్క్రీన్ తేదీని ముందు పెట్టకండి. తేదీ దాటలేదు కాబట్టి వాళ్లు దాన్నే పట్టుకుని మిగతావి దాటేస్తారు.

ఇవాళే స్క్రీన్‌షాట్లు తీయండి: ప్లాన్ పేజీ, మీ ప్రొఫైల్ జవాబులు, నిబంధనల పేజీ. ఆ పేజీలు రేపటికి మారిపోవచ్చు. బాక్స్ లోపలి కార్డు, ప్రతి వస్తువు అడుగుభాగం ఫోటో తీయండి. వచ్చే బాక్స్‌ని, పార్సిల్ మీది లేబుల్ కనిపించేలా, కత్తిరించే ముందు నుంచే ఆపకుండా వీడియో తీయండి.

తర్వాత చాట్‌లో కాదు, కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి (ఫిర్యాదులు చూసే అధికారికి) ఈమెయిల్ పెట్టండి. ఆ పేరు, చిరునామా సైటులో ఉండి తీరాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఎంత కావాలో అంకెతో రాయండి. నాలుగు బాక్సులకి 1,996 మీరు అడిగేది. ఇచ్చిన రెండింటికీ తగ్గింపు రద్దు చేసి 599 చొప్పున కోసుకుంటామంటారు వాళ్లు. అప్పుడు 2,994లో 1,198 పోను 1,796 వస్తుంది. తేడా రూ.200. ఆ 200 కోసం మూడు నెలలు తిరగాలా అన్నది మీ ఇష్టం, నేనైతే 1,796 దగ్గర ఒప్పుకోమంటాను.

ఆటోపే (మీ ఖాతాలోంచి దానంతటదే డబ్బు తీసే ఏర్పాటు) ఉందేమో కూడా చూడండి. ఆరు నెలల ప్లాన్ చివర్లో దానంతటదే మళ్లీ మొదలయ్యేలా పెడతారు. యూపీఐ అయితే యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి రద్దు నొక్కి పిన్ కొట్టాలి. కార్డు అయితే బ్యాంకు సైటులో ఈ-మాండేట్ల (ఆటోపేకి మీరిచ్చిన అనుమతుల) జాబితాలో ఉంటుంది. ఆర్‌బీఐ నియమం ప్రకారం డబ్బు తీసే కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆటోపే రద్దు చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దయినట్టు కాదు, రెండూ విడివిడిగా చేయాలి.

కాటుకపిట్ట:

కూపన్ మీద రూ.500 అనే ఉంది! యూపీఐలో ఆటోపే కూడా కనిపించింది, గరిష్ఠం రూ.5,000 అని రాసుంది, రద్దు చేశాను. మెయిల్‌కి జవాబు ఇలా వచ్చింది: "లభ్యతను బట్టి ఉత్పత్తులు మారవచ్చని మీరు అంగీకరించిన నిబంధనల్లో ఉంది." దీనికేం చెప్పాలి?

రసీదు దాచు:

ఉత్పత్తి మారడం వేరు, రకం మారడం వేరు. సీరం బదులు టోనర్ పంపితే ఆ నిబంధన సరిపోతుంది. ప్రొఫైల్‌లో చామనఛాయ అని మీ చేత నింపించుకుని తెల్లటి ఛాయ పంపడానికి అది సరిపోదు. ఇదే మాట రాసి, కింద ఇంకో వాక్యం కలపండి: "కూపన్‌ను కలిపి బాక్స్ విలువగా చూపడం తప్పుదోవ పట్టించే ప్రకటన అని భావిస్తున్నాను. నెలలోపు పరిష్కారం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను."

నెల దాటితే 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ హెల్ప్‌లైన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. ఆర్డరు నంబరు, మెయిళ్లు దగ్గరుంచుకోండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు, కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. ఇలాంటి చిన్న గొడవలు అక్కడే తేలిపోవచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, రూ.5 లక్షల వరకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. కానీ రూ.1,796 కోసం కమిషన్ వాయిదాలంటే పావలా కోడికి ముప్పావలా మసాలా.

సబ్‌స్క్రిప్షన్ రద్దు బటన్ ఎక్కడో దాచినా, రద్దుకి ఫోన్ చేసి తీరాలన్నా దాన్నీ ఫిర్యాదులో రాయండి. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (సైటు, యాప్‌లలో కొనేవాళ్లను మభ్యపెట్టే కిటుకులు) మార్గదర్శకాల్లోని 13 రకాల్లో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి.

చిల్లర కొట్టు:

పైవాళ్లు చెప్పినదాంతో ఒక్క చోట ఒప్పుకోను. శాంపిల్స్ లెక్క రూ.314 అన్నారు, సరే. కానీ అవే చిన్న సైజులు విడిగా కొంటే ఆ ధరకి దొరకవు. చిన్న ప్యాక్‌లో మి.లీ. ధర సాధారణంగా ఎక్కువే. 30 మి.లీ. రూ.699 అయిన సీరం 10 మి.లీ. రూ.299 ఉంటుంది, అంటే మి.లీ. 23 కాస్తా 30. పైగా డెలివరీ ఛార్జీ. కొత్తవి రుచి చూడటమే సరదా అయితే బాక్స్ మరీ తీసిపారేసేది కాదు, ఒక్కో నెలకే తీసుకుంటే. వంద ఎక్కువైనా నచ్చని నెల ఆపేయొచ్చు.

ఫలానా సన్‌స్క్రీన్ పడుతుందా లేదా అన్నదే మీ ప్రశ్న అయితే దాని చిన్న ట్యూబు కొనుక్కోండి. ఫౌండేషన్ కోసం మాత్రం ఏ బాక్సూ వద్దు. దుకాణానికి వెళ్లి దవడ మీద మూడు ఛాయలు గీసుకుని, పావుగంట ఆగి, బయట వెలుతురులో చూసుకోండి. చాలావాటి రంగు ఆరాక ఒక పిసరు ముదురుతుంది, గీసిన వెంటనే చూసి కొంటే ఇంటికొచ్చాక తేడా కొడుతుంది.

ఆ తెల్ల ఛాయ 1 మి.లీ. పారేయకండి. మీ ఫౌండేషన్‌లో చుక్క కలిపితే కళ్ల కింద రాయడానికి పనికొస్తుంది. తేదీ ఉంటేనే సుమా.