సమస్యాపూరణం: తల్లికన్న ముందుఁ దనయ పుట్టె

నిర్వహణ: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. తిరుపతి మహిళా కళాశాల చరిత్రను విషయంగా తీసుకొని పూరించమని కోరాము. గణయతులతో పాటు పుట్టిన ఏడును, పేరును, సంస్థల మధ్యనున్న సంబంధాన్ని కూడా పరిశీలిస్తాము.

చంద్రగిరి సభ్యుని పూరణ:

వేంకటేశు పేర విశ్వవిద్యాలయ
మునకు నేండ్లు రెండు మునుపె పద్మ
నామ మొంది వెలసె నాతుల చదువిల్లు
తల్లికన్న ముందుఁ దనయ పుట్టె

వివరణ: తిరుమల తిరుపతి దేవస్థానం వారు శ్రీపద్మావతీ మహిళా కళాశాలను 1952లో స్థాపించారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడనే లేదు; తిరుపతి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ కళాశాల అనుబంధంగా నడిచిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో గాని రాలేదు. పట్టా ఇచ్చే తల్లి పుట్టకముందే ఆడపిల్లలు ఆ తరగతి గదుల్లో కూర్చున్నారు.

చిత్తూరు సభ్యురాలు: సమస్యలోని వైరుధ్యం చరిత్రలోనే దొరకడం ఈ పూరణకు బలం. అయితే 'పద్మనామ' అన్నది చెవికి 'పద్మనాభ' అన్నట్లు వినిపించి, తిరుచానూరు అమ్మవారికి బదులు అనంతశయనుడు మనసులో మెదులుతాడు.

చంద్రగిరి సభ్యుడు: 'పద్మ పేరు దాల్చి' అని మార్చి చూశాను. అప్పుడు యతి కోసం 'నాతుల' (స్త్రీల) అన్న మాట వదులుకోవలసి వచ్చింది. ఈ పద్యానికి ప్రాణం ఆ మాటే కనుక పాదాన్ని మార్చలేదు.

పుత్తూరు సభ్యుని పూరణ:

వెలఁది కొఱకు విశ్వవిద్యాలయము వచ్చె
ముప్ప దొక్క యేండ్ల మునుపె యున్న
కన్నెబడికిఁ దానె కన్నతల్లి యనిరి
తల్లికన్న ముందుఁ దనయ పుట్టె

నిర్వహణ: నడక బాగుంది, లెక్క కూడా సరిపోయింది. శ్రీపద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఎన్‌.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1983లో ఏర్పడింది. కాని సంబంధమే తప్పింది. కళాశాల శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద నడిచిందే తప్ప మహిళా విశ్వవిద్యాలయానికి బిడ్డ కాదు. పేరొక్కటే అయినా అవి అక్కాచెల్లెళ్ల వంటివి, అందులో కళాశాలే అక్క. ముప్పై ఒక్క ఏళ్లు ముందు నడిచిన సంస్థను వెనుక వచ్చినదానికి కూతుర్ని చేస్తే, తొలి తరం అమ్మాయిల ధైర్యం మరుగున పడుతుంది. ఈ పూరణను స్వీకరించలేము.

పాకాల సభ్యురాలి పూరణ:

చదువు రెండవదగు జన్మంబు గాదె! యా
జన్మ మంద లేదు జనని మొదటఁ
గొండ దిగువ బడినిఁ గూఁతురు చదివెను
తల్లికన్న ముందుఁ దనయ పుట్టె

వివరణ: ఇది మా ఇంటి కథ. నేను పాకాల నుంచి పొద్దుటి రైల్లో తిరుపతికి వచ్చి బి.ఏ. చదివాను. అంతకుముందు హైస్కూలులో ఉన్నప్పుడు మా అమ్మ నా మార్కుల కార్డు మీద వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాను చీరకొంగు లోపలివైపు ఎవరికీ కనపడకుండా తుడుచుకునేది. బి.ఏ. రెండో సంవత్సరం సెలవుల్లో పలక కొని ఆమె చేత అక్షరాలు దిద్దించాను.

చిత్తూరు సభ్యురాలు: సంస్థ చరిత్రను ఒక ఇంట్లోకి తెచ్చిన పూరణ ఇది. ఒకే దోషం ఉంది: 'చదివెను' ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) కనుక తరువాతి 'త' 'ద'గా మారి పాదం 'దల్లికన్న' అని మొదలు కావాలి, కాని ఇచ్చిన సమస్యను మార్చకూడదు. 'కూఁతురె చదువరి' అంటే గణమూ యతీ నిలుస్తాయి, సంధి చిక్కూ పోతుంది.

పాకాల సభ్యురాలు: సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. పద్యాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో తిరగరాసి అమ్మకిచ్చాను. 'చదువరి' దగ్గర వేలుంచి, నాలుగక్షరాలూ కూడబలుక్కుని చదివింది.