రెండు గదుల అద్దింట్లో మూడు సైకిళ్లు ఎలా సర్దాలి?

నాగావళి గట్టు (రాయగడ):
అందరికీ నమస్కారం. కిందటి బుధవారం రాత్రి మా అమ్మాయి సైకిల్ పోయింది. తొమ్మిదో తరగతిలో బడి ద్వారా వచ్చిన సైకిల్. మెట్ల కింద రెయిలింగుకి కేబుల్ లాకు వేసి పెట్టాం. పొద్దున్న చూస్తే తెగిన లాకు ముక్క ఒక్కటే నేల మీద పడి ఉంది. పిల్ల ఏడవలేదు. ఆ ముక్క తీసి పుస్తకాల సంచిలో వేసుకుని నడిచి బడికెళ్లింది. నాకు అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే ఫ్రేమ్ నంబరు అడిగారు. రాసిపెట్టుకోలేదు. జీతం రాగానే ఇంకొకటి కొంటాను, ఇకమీదట మూడూ పైకే తెచ్చేయాలి. మాది మొదటి అంతస్తు, రెండు గదులు, వంటిల్లు. గుమ్మం నుంచి వంటింటి దాకా నడవ మూడడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు. అందులో మా అమ్మ కర్ర పట్టుకుని తిరుగుతుంది. నాది పాత నల్ల సైకిల్, కడ్డీ బ్రేకులది. చిన్నోడిది 16 అంగుళాల చక్రాల బండి. గోడకి మేకు కూడా కొట్టొద్దని ఇంటివారి మాట. ఇలాంటి ఇంట్లో ఉండి సర్దుకున్నవాళ్లు చెప్పండి.

పెద్దవీధి (బరంపురం):
చదివి బాధేసిందండీ. ముందు ఆ కేబుల్ లాకు మీద నమ్మకం పెట్టుకోకండి. పైన ప్లాస్టిక్ తొడుగు బొటనవేలంత లావు, లోపల ఉన్నది సన్నటి తీగల పేట. చిన్న కట్టరుకే తెగుతుంది. నేను కిలో పైన తూగే ఉక్కు గొలుసు కొన్నాను. గొలుసు ఫ్రేము లోంచి, వెనక చక్రం లోంచి తీసి, కదలని ఇనుముకి వెయ్యాలి. ముందు చక్రానికి మాత్రమే వేస్తే ఆ చక్రం వదిలేసి మిగతా బండి పట్టుకుపోతారు.

మా వీధిలో ఇళ్లు గోడకి గోడ ఆనుకునే ఉంటాయి, వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. పెరట్లో పెడదామంటే బండి దేవుడి గది ముందు నుంచే పోవాలి, నాన్నమ్మ ఒప్పుకోలేదు. వీధి తలుపు వెనకే రెండు పెట్టాం. ఒకదాని ముఖం వీధి వైపు, రెండోదాని ముఖం పెరటి వైపు. హ్యాండిళ్లు రాసుకోవు, జానెడు చోటు కలిసొచ్చింది.

ఇంకోటి. గోపాల్‌పూర్‌లో మా చెల్లెలు అరుగు మీదే ఉంచేది. సముద్రం గాలికి గొలుసు ఎర్రగా పట్టేసింది. ఇప్పుడు లోపలే పెట్టి, పొడిగుడ్డతో తుడిచి నూనె చుక్కలేస్తోంది.

గుణుపూర్ కోడలు:
అన్నయ్యా, గోడ ముట్టుకోకుండానే అవుతుంది. బండిని వెనక చక్రం మీద నిలబెట్టండి. సైకిల్ ఆరడుగుల పొడవు కదా, నిలబెడితే రెండడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు సరిపోతుంది, గదిలో ఓ మూల చాలు. మా వడ్రంగి అడుగున బరువైన పలక, దానికి నిలువు కర్ర, పైన ముందు చక్రం తగిలించే కొక్కెం పెట్టి ఇచ్చాడు. కొక్కేనికి పాత ట్యూబు చుట్టాను. స్టాండు ముందుకి ఒరగకుండా కిటికీ కడ్డీకి తాడుతో కట్టాను. వెనక బ్రేకు లివరుకి ట్యూబు ముక్క బిగించి కడితే కింద చక్రం జారదు.

హ్యాండిల్ బోల్టు వదులు చేసి ఫ్రేముకి సమంగా తిప్పేస్తే ఇంకా పలచగా అవుతుంది.

పాత స్పోకు (జయపురం):
అమ్మా, స్టాండు మంచి ఉపాయం. హ్యాండిల్ మాట దగ్గర మాత్రం ఆగాలి. నేను 22 ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాను. మాస్టారిది కడ్డీ బ్రేకుల బండి. హ్యాండిల్ నుంచి ముందు చక్రం దాకా కడ్డీలు దిగి ఉంటాయి. చక్రం ఒకవైపు, హ్యాండిల్ ఒకవైపు చేస్తే కడ్డీలు మెలిపడతాయి, ముందు బ్రేకు పాడవుతుంది. వైరు బ్రేకుల బండికైతే తిప్పొచ్చు. మళ్లీ బిగించాక ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య నొక్కిపట్టి హ్యాండిల్ మెలితిప్పి చూడండి. కొంచెం కదిలినా పిల్లని ఎక్కనివ్వొద్దు. రోజూ విప్పి బిగించే పని పెట్టుకోకండి, సెలవుల్లో నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడే.

పెడల్ విప్పితే గోడవైపు అరజానెడు మిగులుతుంది. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక మర అరగ్గొట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది.

కొక్కేనికి తగిలిస్తే రిమ్ము వంగుతుందని కొందరి భయం. మనిషినీ బియ్యం బస్తానీ మోసే చక్రం అది, ఏమీ కాదు.

కొత్త బండి కొన్న రోజునే పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున చూడండి, చాలా బళ్లకి నంబరు అక్కడే ఉంటుంది. మట్టి తుడిచి, సుద్దముక్క రుద్దితే అంకెలు తేలతాయి. ఫోనులో ఫొటో తీసి, బిల్లు మీద కూడా రాయించుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా రెండు సైకిళ్లు అరుగు మీదే ఉన్నాయి. పక్కింటి రేకు ఎగిరొచ్చి ఒకదాని మీద పడింది, స్పోకులు చిందరవందర. అప్పట్నుంచి వాడని బండిని నడిమింటి దూలానికి పాత బావి గిలక కట్టి పైకి లాగుతున్నాం. మాది పెంకుటిల్లు, దూలం గట్టిది. స్లాబు ఇంట్లో ఫ్యాను కొక్కేనికి మాత్రం ఎవరూ ఈ పని చేయకండి. నల్ల సైకిల్ ఇంచుమించు ఇరవై కిలోలు. పిల్లలు పడుకునే చోటికి పైన అసలే వద్దు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
అన్నా, మాది సొంతిల్లే గనీ జాగ లేదు. వాకిట్ల రేకుల కింద పెడ్తం. ముందుగాల దేనికి కట్టాల్నో తెల్వలే. నేలల అడుగు లోతు గుంత తవ్వి, లావు ఇనుప కడ్డీని కడియం లెక్క వంచి కాంక్రీటు పోసిన. ఏడు రోజులు నీళ్లు కొట్టి తడిపినంక గొలుసు ఏసుడు షురూ చేసిన. మా దిక్కు ఎండలు మస్తుంటయి, ఎండకాలం రేకుల కింద గాలి నిండ కొట్టి పెట్టకుండ్రి, ట్యూబు పగుల్తది. మీ ఇంటాయనను ఒక్కపారి కూసోబెట్టి మాట్లాడు అన్నా. గోడకు వద్దంటడు గనీ మెట్ల కాడి జాలీకి గొలుసు ఏసుకుంటమంటే ఎందుకు కాదంటడు?

నాగావళి గట్టు (రాయగడ):
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. సిరొంచ తమ్ముడి మాట పట్టుకుని ఇంటివారి దగ్గర కూర్చున్నాను. పైమెట్టు దగ్గర ఇనుప జాలీ తలుపుకి లోపలి పక్క నా నల్ల సైకిల్ పెట్టుకోమన్నారు. గొలుసు ఫ్రేముకీ వెనక చక్రానికీ కలిపి వేస్తున్నాను. బోల్టులు బయటివైపు ఉన్న జాలీ కాదు, గోడలో పూడ్చినది. అది చూసుకున్నాకే వేశాను.

అమ్మాయి కొత్త సైకిల్ గుణుపూర్ చెల్లెమ్మ చెప్పినట్టు ముందు గది మూల నిలబడింది. చిన్నోడిది బల్ల కింద దూరింది. నడవ మొత్తం అమ్మకే ఉంది. మొదట నడవలోనే పెట్టి కొలిచాను, మిగిలింది అడుగు లోపే, కర్ర ఆనించడానికి చోటు లేదు.

తెల్లారి అయిదున్నరకి ట్యూషన్‌కి అమ్మాయే దించుకుంటోంది. నేను లేవక్కర్లేదంది గాని లేచి మెట్ల దాకా వెళ్తున్నాను. నంబరు తన నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది. ఒక్కటే ఇబ్బంది, వెనక టైరు ఆనిన చోట సున్నం గోడ మీద నల్లమరక పడుతోంది.

పాత స్పోకు (జయపురం):
సంతోషం మాస్టారూ. ఆయిల్‌క్లాత్ ముక్క స్టాండు కర్ర వెనక నుంచి నేలదాకా వేలాడదీయండి. గోడకి అతికించక్కర్లేదు. ఇప్పటి మరక తడిగుడ్డతో రుద్దకండి, సున్నం లేచిపోతుంది. ఖాళీ చేసే ముందు ఒక చెయ్యి సున్నం వేయిస్తే సరి.